ప్లాస్టిక్ బియ్యమంటున్న పిల్లలకు నేనేం చెప్పాలి? – పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయురాలిని. ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. బడిలో మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ కూడా నేనే చూస్తున్నాను. ప్రభుత్వోద్యోగిని కనుక నా పేరు, ఊరి పేరు రాయడం లేదు, మన్నించగలరు. మా బడికి వచ్చే బియ్యం పరీక్ష నివేదిక నకలు కావాలని ఇప్పటికి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిది మండల స్థాయిలో ఇస్తే రసీదు కూడా ఇవ్వలేదు. రెండోది బియ్యం పంపేవారికి రాస్తే, అది బడి వ్యవహారం కనుక మీ శాఖనే అడగమన్నారు. మూడోది ఒక సోమవారం సెలవు పెట్టి, జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్లి, వరుసలో నిలబడి స్వయంగా ఇచ్చాను. పన్నెండు రోజుల తర్వాత ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఈలోగా ఎవరూ నన్ను పిలవలేదు, బడికి రాలేదు, ఫోనులోనైనా ఒక్క మాట అడగలేదు. ఏం పరిష్కరించారో తెలియక, నేరుగా మీకే రాస్తున్నాను.

మా బడికి వచ్చే బియ్యంలో, రక్తహీనత తగ్గడానికి ఇనుము, విటమిన్లు చేర్చి తయారుచేసిన పోషక గింజలను వందకు ఒక వంతు కలుపుతూ వచ్చారన్నది మీకు తెలిసిన విషయమే. ఆ సంగతి మా వంట చేసే ఆమెకు తెలియదు. బస్తా మీద ప్లస్ గుర్తు, పక్కన ఇంగ్లీషు అక్షరం, కింద ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఉన్నాయి. ఆమె చదువు తెలుగులో అయిదో తరగతి వరకే. బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు నీళ్లపైకి తేలుతున్నాయనీ, అవి మిగతావాటికంటే కొంచెం పసుపుగా, నున్నగా, అచ్చుపోసినట్టు ఒకేలా ఉన్నాయనీ ఆమె గమనించింది. ఎవరిని అడిగినా ‘ఏమో’ అన్నారు. రేషన్ డీలరును అడిగితే ‘పైనుంచి వచ్చిందే ఇస్తున్నాం’ అన్నాడు. ఆమె తనకు తోచింది తాను చేసింది. ఎనిమిది నెలలపాటు ప్రతి ఉదయం తేలిన గింజలను చిల్లుల గరిటెతో తీసి గోడవతల పారబోసింది. అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుని, ‘పసిబిడ్డల కడుపులోకి ప్లాస్టిక్ పోతుందేమోనని భయమేసింది మేడమ్, మీకు చెబితే నా పని పోతుందేమోనని చెప్పలేదు’ అంది.

ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. అంత శ్రద్ధగా బియ్యాన్ని చూసిన మనిషి ఈ మొత్తం గొలుసులో మరొకరు లేరు. ఆమె చూసినది నిజం. గింజలు వేరుగా ఉన్నాయి, తేలుతున్నాయి. దానికి చెప్పుకున్న కారణం మాత్రమే తప్పు. సరైన కారణం ఆమెకు చెప్పవలసినవారు చెప్పలేదు కనుక, ఫోన్లలో తిరిగే ప్లాస్టిక్ బియ్యం పుకారును నమ్మింది. రక్తహీనత కోసం ఇంత ఖర్చుపెట్టి, ఇన్ని మిల్లుల్లో కలిపించి, ఇంత దూరం మోసుకొచ్చిన ఇనుమంతా మా బడి వెనక గోడవతల కోళ్లు తిన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి కూలబడే ఆడపిల్లలను చూసే నాకు ఆ లెక్క కాగితం మీది లెక్కలా అనిపించదు.

తర్వాత ఒక వీడియో వచ్చింది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపారు, నిమిషం కూడా లేదు. ఎవరిదో చెయ్యి అన్నాన్ని ముద్ద చేసి నేలకేసి కొడుతుంది, ముద్ద బంతిలా ఎగురుతుంది. ముఖం కనిపించదు, ఊరి పేరు లేదు, తేదీ లేదు. ‘బడి పిల్లలకు ప్లాస్టిక్ అన్నం’ అని ఒక గొంతు చెబుతుంది. మర్నాడు మా బడిలో భోజనానికి కూర్చోవలసిన నూట పదిమందిలో పందొమ్మిది మంది మాత్రమే కూర్చున్నారు. తల్లులు గేటు దగ్గరకు వచ్చి వంటామెను నిలదీశారు. వండిన అన్నం అట్లాగే గిన్నెల్లో మిగిలిపోయింది. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోలేని పిల్లలు, తినే పిల్లల వైపు చూడలేక, పంపు దగ్గర నీళ్లు తాగి తరగతిలోకి వెళ్లిపోయారు. ఇది ఒక్క రోజుతో పోలేదు, మూడు వారాలు సాగింది.

ఆ మూడు వారాల్లో పైనుంచి మాకు అందిన సాయం ఒకే ఒక్క సర్క్యులర్. వదంతులను నమ్మవద్దనీ, వాటిని వ్యాప్తి చేసేవారిపై చట్టపరమైన చర్యలు తీసుకుంటామనీ అందులో ఉంది. దాన్ని ప్రార్థనలో చదివి వినిపించాను. అయ్యా, ఆ కాగితంలో ఆ గింజ ఏమిటో ఒక్క వాక్యంలోనైనా లేదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలోకి తెచ్చి, వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలుపుతారని ఆ కాగితంలో రెండు వరుసలు రాసి ఉంటే, సగం భయం ఆ పూటే పోయేది. భయపడిన తల్లికి కారణం చెప్పకుండా కేసు పెడతామంటే, ఆమె వీడియోను నమ్మడం మానదు, మన ముందు మాట్లాడడం మానేస్తుంది. మా ఊళ్లో అదే జరిగింది. గ్రూపులో చర్చ ఆగింది, పిల్లలు మాత్రం తినలేదు.

సర్క్యులర్ చదివిన రోజు ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడి, ‘టీచర్, వీడియో అబద్ధమని మీరంటున్నారు. మీరు చెప్పేది నిజమని మాకెట్లా తెలుస్తుంది?’ అని అడిగింది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ పిల్ల ఎగతాళిగా అడగలేదు. నా దగ్గర ఆ పూటకు జవాబు లేదు. వీడియోలోని గొంతు ‘నమ్మండి’ అంటోంది, సర్క్యులర్ ‘నమ్మవద్దు’ అంటోంది, రెండింటిలోనూ చూపించే ఆధారం లేదు.

మర్నాడు ప్రయోగం పెట్టుకున్నాం. ఆరో తరగతి పుస్తకంలోనే పిండిపదార్థానికి అయోడిన్ పరీక్ష ఉంది. మందుల షాపులో టింక్చర్ అయోడిన్ కొనుక్కొచ్చాను. ‘మీ ఇంటి బియ్యం కూడా తెండి టీచర్, లేకపోతే దేనితో పోలుస్తాం?’ అని ఆ పిల్లే అంది. ఒక పళ్లెంలో బడి బియ్యపు మామూలు గింజలు, ఒక దాంట్లో తేలిన గింజలు, ఒక దాంట్లో మా ఇంటి బియ్యం, మరో దాంట్లో విరిగిన ప్లాస్టిక్ బకెట్ ముక్కలు పెట్టాం. చుక్క వేయగానే మొదటి మూడూ నీలి నలుపుకు తిరిగాయి, బకెట్ ముక్క మీద అయోడిన్ గోధుమ రంగులోనే నిలిచిపోయింది. తర్వాత పట్టకారుతో పట్టుకుని దీపం మీద కాల్చాం. ప్లాస్టిక్ కరిగి బొట్లుగా కారింది, తేలిన గింజ బొగ్గయి పేలాల మాడు వాసన వేసింది. ఆఖరికి మా ఇంటి సోనామసూరి అన్నాన్నే వేడిగా ముద్ద చేసి నేలకేసి కొట్టారు. అదీ ఎగిరింది. ‘అన్నం జిగురుగా ఉంటే ఎవరింటి ముద్దయినా ఎగురుతుంది’ అని పిల్లలు తమంతట తాము రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆ తరగతిలో ముప్పై నలుగురూ తిన్నారు. వాళ్లను తినమని నేను చెప్పలేదు.

అయితే ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ‘ఇది పిండే, ప్లాస్టిక్ కాదు, ఒప్పుకుంటాను. మరి ఇందులో ఇనుముందని ఎట్లా తెలుస్తుంది?’ అంది. మంత్రి గారూ, ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే. మేము చేసిన పరీక్ష ఆ గింజలో పిండి ఉందని మాత్రమే చెబుతుంది. ఇనుము ఉన్నదీ లేనిదీ, ఉంటే ఎంత ఉన్నదీ బడిలో తేలే విషయం కాదు. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. మా బస్తాలోని బియ్యం ఆ ప్రమాణానికి తూగిందని చెప్పే ప్రయోగశాల నివేదిక నకలు ఒక్కటి ఇప్పించమన్నదే నా మూడు అర్జీల సారాంశం. ఎవరినీ నేను అనుమానించడం లేదు. ఒక పిల్ల సరైన ప్రశ్న వేసింది, జవాబు ప్రభుత్వం దగ్గర ఉంది, దాన్ని మాకు చూపించమని మాత్రమే వేడుకుంటున్నాను.

ఈ ప్లాస్టిక్ గోలలో నిజంగా జవాబు కావలసిన ప్రశ్న ఒకటి మునిగిపోయింది. గేటు దగ్గరకు వచ్చిన తల్లుల్లో ఒకామె కొడుకుకు థలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉంది, నెలనెలా రక్తం ఎక్కిస్తారు. ‘వీడి ఒంట్లో ఇనుము ఎక్కువవకుండా చూసుకోమని డాక్టరు చెప్పారు. ఈ అన్నం పెట్టొచ్చా టీచరమ్మా?’ అని అందరూ వెళ్లిపోయాక నెమ్మదిగా అడిగింది. థలసేమియా ఉన్నవారు ఇనుము కలిపిన ఆహారాన్ని వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలన్న హెచ్చరిక ఉండాలని 2018 నాటి ప్రమాణాల్లోనే రాశారు. దాని మీద ఆ తర్వాత నిపుణుల మధ్య చాలా చర్చ నడిచింది. ఇప్పుడు ఆ తల్లికి నేనేం చెప్పాలో కాగితం మీద రాసిచ్చేవారు లేరు. ‘వదంతులు నమ్మవద్దు’ అన్న మాట ఆమె ప్రశ్నను కూడా వదంతుల గంపలోనే వేసింది. చెబుతున్నకొద్దీ నాకు బాధ కలిగించేది ఇదే. అబద్ధాన్ని అణచబోయి మనం ప్రశ్నను కూడా అణచివేస్తున్నాం.

దీని ఖరీదు ఎంత దూరం పోతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్లు మోగిపోయాయి. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివారు అయిదుగురు చనిపోయారు. అదే నెలలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరు ప్రాణాలు పోయాయి. అప్పట్లో అందరూ పంచుకున్న ఒక వీడియో, పిల్లల భద్రత గురించి కరాచీలో తీసిన అవగాహన చిత్రం. ఎత్తుకెళ్లిన పిల్లవాణ్ని మళ్లీ తెచ్చి దింపే చివరి భాగాన్ని కత్తిరించి పంపారు. ‘దీని ముందు ఏముంది, వెనక ఏముంది’ అన్న ఒక్క ప్రశ్న వేసుకునే అలవాటు ఉంటే ఆ వీడియో అక్కడే ఆగేది. ఆ తర్వాత వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. వేగం తగ్గింది, నిజమే. అలవాటు మాత్రం ఏ కంపెనీ నేర్పేది కాదు, బడిలో నేర్పవలసినది.

చేసి చూపినవారు లేకపోలేదు. ఆ రోజుల్లోనే గద్వాల జిల్లాలో పోలీసు అధికారులు డప్పు కళాకారులతో ఊరూరా పాటలు పాడించి జనానికి వివరించారు. కేరళలో కన్నూరు జిల్లా యంత్రాంగం 2018లో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో అబద్ధపు వార్తను గుర్తుపట్టడం మీద తరగతులు పెట్టింది. మనం ఎంచుకున్న దారి ఎక్కువగా వేరు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారు లేచినప్పుడు హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. పౌల్ట్రీ రైతుల కోసం చేసిన మంచి పనే అది. అయినా పెద్దవారు తిన్నారు కనుక తినవచ్చని జనానికి అర్థమైంది గానీ, ఎందుకు తినవచ్చో అర్థం కాలేదు. రేపు మరో పెద్దమనిషి తినవద్దంటే జనం ఆయన మాటా వింటారు.

వారానికి ఒక్క పీరియడ్ ఇప్పించండి అయ్యా. సిలబస్ వెనకబడుతుందని మమ్మల్ని ప్రశ్నించకుండా, మార్కుల రిజిస్టర్ అడగకుండా, ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమనకుండా ఒక్క పీరియడ్. ఆ వారం పిల్లల ఇళ్లకు ఏ వీడియో వచ్చిందో దాన్నే తీసుకుంటాం. ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ, కత్తిరించారా, మరొకరు చూశారా, మనం పరీక్షించగలమా, లేకపోతే ఎవరిని అడగాలి. దీనికి ట్యాబులు అక్కర్లేదు, ఎనభై రూపాయల అయోడిన్ సీసా చాలు. శాస్త్రీయ దృక్పథాన్ని, విచారణా స్వభావాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెబుతోంది. విచారణ అంటే అడగడమే కదా. అడిగిన పిల్లకు జవాబు ఇవ్వకుండా ఆ విధిని పుస్తకం అట్ట మీద అచ్చువేసి ఏం లాభం? బస్తాల మీద తెలుగులో రాయించండి. వంట చేసేవారిని ఒక్క పూట కూర్చోబెట్టి ఆ గింజ ఏమిటో చెప్పించండి. థలసేమియా బిడ్డ తల్లికి జవాబు ఇప్పించండి.

ఆ అమ్మాయి ప్రయోగం రికార్డులో ‘పిండిపదార్థం: ఉంది’, ‘ప్లాస్టిక్: లేదు’ అని రాసుకుంది. దాని కింద ‘ఇనుము’ అని రాసి రెండు గీతల చోటు ఖాళీగా వదిలింది. ప్రభుత్వాన్ని అడిగి చెబుతానని నేనన్నాను కనుక ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. నివేదిక నకలు పంపించండి, ఆ చోటు తన చేతే పూరించిస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల సామాన్య శాస్త్ర ఉపాధ్యాయురాలు