ఇఫ్, ఎల్ఇఫ్ సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా? మొన్న ఫోన్లో అడిగావ్ కదా, పైథాన్ ప్రోగ్రామ్‌లో ఇఫ్ (if, 'ఇలా అయితే') తర్వాత ఎల్ఇఫ్ (elif, 'అది కాకపోయి ఇలా అయితే') ఎందుకు, అన్నీ ఇఫ్‌లే రాసేస్తే పోదా అని, అప్పుడు అమీర్‌పేట్ స్టేషన్‌లో మెట్రో మారుతున్నా, సరిగా చెప్పలేకపోయా.

మా అమ్మ మలక్‌పేట్‌లో ఇంటి దగ్గరే పచ్చళ్ళు అమ్ముతోంది కదా, బిల్లు కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చా. 500 దాటితే 5 శాతం తగ్గింపు, 1000 దాటితే 10, 2000 దాటితే 15. నేనూ అదే వరసలో రాశా, పైన ఇఫ్ 500, కింద ఎల్ఇఫ్ 1000, దాని కింద ఎల్ఇఫ్ 2000. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకావిడ పెళ్ళికని 2400కి ఆవకాయ, గోంగూర పట్టుకెళ్తే తగ్గింది 120 రూపాయలే, తగ్గాల్సింది 360! అమ్మ నోటిలెక్కతో పట్టేసింది.

పైథాన్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది రా, ఏ కండిషన్ ముందు నిజమైతే ఆ పని చేసేసి మిగతా ఎల్ఇఫ్‌ల జోలికే పోదు. 2400 కూడా 500 దాటిందే కదా, అక్కడే అయిపోయింది. 2000ని పైకి తెచ్చి, దాని కింద 1000, చివర 500 పెడితే సరిపోయింది. ఇప్పుడు నువ్వన్నట్టు అన్నీ ఇఫ్‌లు పెట్టావనుకో, ప్రతిదీ విడిగా చూస్తుంది, మూడూ నిజమే, ముందు తగ్గింపు 15 అని పెడుతుంది, దాన్ని చెరిపేసి 10 రాస్తుంది, చివరికి 5 మిగుల్తుంది, మళ్ళీ మొదటికే.

ఇంకోటి, నాకు ఒక సాయంత్రమంతా పట్టింది ఇది. లోకల్ డెలివరీకి ఊరు == "హైదరాబాద్" ఆర్ "సికింద్రాబాద్" అని రాశా (== అంటే 'సమానమా' అని అడగడం, ఆర్ అంటే 'లేదా'), చదవడానికి ఎంత బావుందో చూడు, కానీ వరంగల్ ఆర్డర్‌కి కూడా లోకల్ ఛార్జీయే పడింది. ఎందుకంటే ఆర్ తర్వాత సికింద్రాబాద్ ఒక్కటే నిలబడింది, దేనితోనూ పోల్చట్లేదు, ఖాళీ కాని స్ట్రింగ్‌ని (కోట్స్ మధ్య రాసిన మాటని) పైథాన్ నిజం కిందే లెక్కేస్తుంది. ఊరు == అని రెండోసారి కూడా రాయాలి.

ఇఫ్‌లో == బదులు ఒక్క = (అంటే 'ఈ విలువ పెట్టు' అని) పెడితే మాత్రం పైథాన్ రన్ అవ్వకుండానే ఎర్రర్ ఇస్తుంది, సీ లాంగ్వేజ్‌లో అయితే కంపైల్ అయిపోతుంది, వేరియబుల్ (ఊరు లాంటి పేరు) విలువే మారిపోతుంది, అక్కడ చాలా జాగ్రత్త.

నీ కోడ్ వాట్సాప్‌లో అలాగే పేస్ట్ చెయ్యకు రా, ఫైల్ పంపు, ఏ లైన్ ఏ ఇఫ్ కిందకి వస్తుందో ముందున్న స్పేస్‌లే చెప్తాయి, అవి చెదిరితే నాకేం అర్థం కాదు. ఆదివారం ఇంటికి రా, అమ్మ నీకోసం ఉసిరి ఆవకాయ తీసిపెట్టింది.

నీ,
రవి