దసరాకు ఇస్తామన్న 'మత్తడి' ఆట ఆలస్యమవుతోంది

నమస్తే. బతుకమ్మ సెలవులకల్లా, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే 'మత్తడి' ఆట మీ ఇంటికి చేరుస్తామని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాం. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాం, క్షమించండి. సంక్రాంతికి ముందు రాదు.

అచ్చుకు ఇచ్చేముందు హన్మకొండలో మా గల్లీ పిల్లలు ఆరుగురితో ఆడించాం. అందరూ ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లే. మస్తు ఆడిన్రు, ఇంకోసారి ఇంకోసారి అన్నరు. మేమూ మురిసిపోయాం. తర్వాత గెలిచిన పాపను దగ్గర కూచోబెట్టుకొని, "నువ్వు దాటిన గడిలో ఏ అక్షరముంది బిడ్డా?" అని అడిగితే నా ముఖం చూసింది. పాచిక మీద పడిన అంకె లెక్కపెట్టుకుంటూ పోతే చాలు, ఒక్క అక్షరం చదవకుండానే గెలవొచ్చు. అక్షరాలు నేర్పుతుందని చెప్పి దాన్ని మీకు అమ్మడానికి మనసొప్పలేదు.

పాచిక తీసేశాం. ఇప్పుడు పిల్లలు ఒక కార్డు తీసి, అక్షరం పైకి చదివి, చెరువు కట్ట మీద అదే అక్షరాన్ని వెతికి అక్కడ ఒక నీటి బిళ్ల పెట్టాలి. చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతుంది, నీళ్లు కింది చెరువుకు పోతాయి. కాకతీయుల నాటి నుంచి మన గొలుసుకట్టు చెరువులు నిండే తీరే ఇది. ఆఖరి చెరువును అందరూ కలిసి నింపాలి, ఒక్కరే గెలవడమనేది లేదు. అక్షరాలను వరుసలో పెట్టలేదు, ఎందుకంటే పాటలా బట్టీపట్టిన పిల్లలు చూడకుండానే చెప్పేస్తున్నారు. తికమకపెట్టే మ-య, వ-ప పక్కపక్కనే ఉంటాయి. ద కింద చిన్న గీత పడితే ధ, దాని నడుమ చుక్క పడితే థ. ఆ తేడా దగ్గర పిల్లలు ఆగి చూడాలి, మాకు కావలసింది అదే.

ఇంకో తప్పు కూడా చేశాం. నీటి చుక్కలుగా చిన్న చెక్కపూసలు పెట్టాం. ఆడేది ఐదేళ్ల పిల్లలే అయినా ఇంట్లో పాకే తమ్ముడో చెల్లెలో ఉంటారు కదా, నోట్లో పెట్టుకుంటే గొంతులో ఇరుక్కుంటాయి. అందుకే నాలుగున్నర సెంటీమీటర్ల బిళ్లలు చేయిస్తున్నాం. 2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు, ఆటవస్తువులకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. అందుకని మార్చిన నమూనాను మళ్లీ పరీక్షకు పంపుతున్నాం. ఎక్కువ సమయం పట్టేది అక్కడే.

పెరిగిన ఖర్చు మాదే, ధర మారదు. డబ్బులు వాపసు కావాలంటే కట్టిన నంబరు నుంచే ఒక్క మెసేజ్ పెట్టండి, పూర్తిగా పంపిస్తాం. ఆగుతామన్నవాళ్లు మీ పిల్లలు ఏ అక్షరాల దగ్గర తడబడుతున్నారో రాయండి. కార్డులు ఇంకా అచ్చుకు పోలేదు, వాటిని కూడా చేరుస్తాం.