శంకరాభరణానికి వేసిన పీట

సంపాదకులకు నమస్కారాలు.

పది రోజుల కిందట మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు ‘శంకరాభరణం’ సినిమాకు జాతీయ అవార్డు పొందే అర్హత లేదని, అదంతా అప్పటి తెలుగువాళ్ల ఆవేశమని తేల్చి పారేశారు. ఇంటికి పత్రిక వేయించుకోవడం మానేసి చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటున్నాను కాబట్టి ఆ లేఖ ఆలస్యంగా నా కంట పడింది. పెద్దవాడిని, ఎందుకొచ్చిన గొడవ అని రెండు రోజులు ఊరుకున్నాను. ఊరుకోవడం చేతకాలేదు.

ఆయన పట్టుకున్న పెద్ద తప్పు ఏమిటంటే, బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదట. నేర్చుకోలేదు. ఆ మాట ఆయనే వేదికల మీద దాచుకోకుండా చెప్పుకున్నారు. బహుమతి ఇచ్చింది పాటకు గాని, సంగీత కళాశాల పట్టాకు కాదు కదా! సంగీత దర్శకుడు మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు కూర్చోబెట్టి సాధన చేయించగా పాడిన ‘ఓంకార నాదాను’ విన్న తరువాత కూడా పట్టా చూపించమనేవారికి నేనేం చెప్పను? ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులదనీ, ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులదనీ మా వీధిలో నలుగురికి తెలిసిందే ఆ సినిమా పుణ్యమా అని. మిగతావారు ఇప్పటికీ రెండూ త్యాగరాజ కృతులే అనుకుంటున్నారు, ఆ బాధ వేరే.

1980 ఫిబ్రవరి 2న సినిమా విడుదలైంది. ఆ వారంలోనే వెళ్లాను. హాల్లో మనుషులకన్నా ఖాళీ కుర్చీలే ఎక్కువ. కథానాయకుడేమో యాభై దాటిన రెవెన్యూ అధికారి సోమయాజులు గారు, ఎవరు వస్తారు? నెల తిరిగాక మా నాన్నగారిని తీసుకువెళ్తే అదే హాలు ముందు వరుస వీధి మలుపు దాటింది. ఆయన అంతవరకు సినిమా హాలు గడప తొక్కని మనిషి. ఉత్తరీయం వేసుకుని వచ్చి, చెప్పులు కుర్చీ కిందికి తోసి కూర్చున్నారు. చివరి కచేరీలో కథానాయకుడు శంకరశాస్త్రి గొంతు ఆగిపోవడం, శిష్యుడైన పిల్లవాడు పాట అందుకోవడం, తెర పడడం, అన్నీ అయ్యాయి. నాన్నగారు లేవలేదు. గేటు దగ్గరి మనిషి ఫ్యాన్లు కట్టేస్తూ మా వరుసదాకా వచ్చాడు. “వెళ్దాం నాన్నా” అన్నాను. “ఉండరా, పిల్లవాడు పాడుతున్నాడు” అన్నారు.

దీనికి ఢిల్లీలో పెట్టిన పేరు ‘ఆరోగ్యకరమైన వినోదం’!

నా ఫిర్యాదు అసలు అక్కడ. మహదేవన్ గారికి, బాలు గారికి, వాణీ జయరాం గారికి బహుమతులు ఇచ్చి, సినిమాను మాత్రం జనాదరణ పొందిన వినోద చిత్రాల పంక్తిలో కూర్చోబెట్టారు. ఆ ఏడాది ఉత్తమ చిత్రం హిందీలో వచ్చిన ‘శోధ్’. నేను దాన్ని చూడలేదు కాబట్టి తీసిపారేసే హక్కు నాకు లేదు. జనం ఎగబడి చూస్తే వినోదం, చూడకపోతే కళ అన్న లెక్క ఎవరు కట్టారో వారిని మాత్రం అడగాలని ఉంది. తెలుగు సినిమాకు ఉత్తమ చిత్రం పీట దక్కింది 2015 సంవత్సరపు అవార్డులలో, ‘బాహుబలి’కి. అది బాగాలేదని అనను, మనవడితో కలిసి మూడుసార్లు చూశాను. కానీ కాలకేయులతో యుద్ధం కళ, శంకరశాస్త్రి ఆఖరి కచేరీ వినోదమా? దర్శకుడు విశ్వనాథ్ గారికి ఫాల్కే పురస్కారం ఇచ్చేసరికి ఆయనకు ఎనభై ఏడేళ్లు. ‘శంకరాభరణం’ విడుదలైన తేదీనే, 2023 ఫిబ్రవరి 2న, ఈ హైదరాబాద్‌లోనే వెళ్లిపోయారు.

ఢిల్లీని అని ఏం లాభం, మన ఇంటి సంగతి చూడండి. 2014, 15, 16 సంవత్సరాల నందులను 2017లో ఒక్కసారిగా ప్రకటించారు. పంపకాల మీద రచ్చ జరిగింది, ఆ తరువాత ఏళ్ల తరబడి సినిమా నందులు ఇవ్వనే లేదు. తెలంగాణలో గద్దర్ అవార్డులు 2025లో మొదలుపెట్టి, వెనకటి పదేళ్ల ఉత్తమ చిత్రాలకు కూడా అప్పుడే ఇచ్చారు. పదేళ్ల పెళ్లిళ్లకు ఒకే పూట భోజనాలు పెట్టినట్టుంది. ఇచ్చారు, సంతోషం. పెళ్లినాడు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఈమధ్య నగరంలో విశ్వనాథ్ గారి సంస్మరణ సభ అంటే రెండు బస్సులు మారి వెళ్లాను. వేదిక వెనక ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో ‘శంకరాబరణం’. భకారానికి ఒత్తు లేదు. నిర్వాహకుడికి చూపిస్తే “అర్థమవుతోంది కదండీ” అన్నాడు. ఫ్లెక్సీలో మూడు వంతులు ముఖ్య అతిథి ముఖమే, విశ్వనాథ్ గారిది మూలన తపాలా బిళ్లంత. పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ‘దొరకునా ఇటువంటి సేవ’ ఎత్తుకుంది. శ్రుతి చక్కగా కలిసింది. పల్లవి దాటి చరణం అందుకునేలోగా ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఎవరో మైకు లాక్కున్నారు. ఉపన్యాసాలయ్యాక సమయం లేదన్నారు. ఆ అమ్మాయికి శాలువా కప్పి పంపించేశారు, చరణం పాడనివ్వలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్