దుబాయ్‌కి పోయేముందు బేసిక్ ఎంతనో చూడమను

అరేయ్ శీనూ,

మంచిగున్నవారా? చిన్నోడు దుబాయ్‌ల షట్టరింగ్ పనికి పోతుండని, ఏజెంటు లక్షన్నర అడుగుతుండని రాసినవ్. ముందు ఆ లక్షన్నర సంగతి తేల్చుకుందాం. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 35,400. అది కూడ రసీదు మీద. లైసెన్సు ఉన్నదో లేదో మన సర్కారు ఈమైగ్రేట్ వెబ్‌సైట్ల దొరుకుతది. లక్షన్నర నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు మూడువేలు ఒట్టి మిత్తికే పోతయ్, అసలు అట్లనే ఉంటది.

చిన్నోడు పది పాస్ కాలేదు గదా, పాస్‌పోర్టు ఈసీఆర్‌ది వస్తది, అంటే పనికి పోవాల్నంటే మన సర్కారు క్లియరెన్స్ (అనుమతి) కావాలె. క్లియరెన్స్ లేకుంట పని వీసా మీద విమానం ఎక్కనియ్యరు. ఆ తిప్పలు తప్పించుకోనీకే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతరు. దానిమీద పని చేస్తే నేరం. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడ ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల బీమా అది! ఇగ ఆజాద్ వీసా అంటే పేరుకే ఆజాదీ. కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) ఒకడు, పని ఇంకొకని దగ్గర. దొరికిననాడు ఇద్దరూ 'వీడెవడో మాకు తెల్వదు' అంటరు.

అసలు మోసం ఆఫర్ లెటర్‌లనే ఉంటది. 'జీతం 1200 దిర్హంలు' అని చెప్తరు. కింద చూస్తే బేసిక్ (మూల జీతం) 600, మిగిలిందంతా అలవెన్సులు. నెల జీతం అదే వస్తది, కాబట్టి ఎవ్వరూ పట్టించుకోరు. కాని ఓవర్‌టైం లెక్క బేసిక్ మీదనే. 600ను ముప్పై రోజులకు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు రెండున్నర. ఓవర్‌టైంకని పావు వంతు కలిపితే 3 దిర్హంల 12 ఫిల్సులు. బేసిక్ 1000 ఉంటే అదే గంటకు ఐదు దాటుతది. పని వదిలి వచ్చేటప్పుడిచ్చే గ్రాట్యుటీ కూడ అంతే, ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేండ్లకు 840 వస్తదా, 1400 వస్తదా అన్నది ఈడ సంతకం పెట్టినప్పుడే తేలిపోతది. లెటర్ హిందీలనన్న ఉర్దూలనన్న ఇయ్యమని అడగమను, ఇంగ్లీషు కాగితం మీద గుడ్డిగ సంతకం పెట్టొద్దు. పాస్‌పోర్టు కంపెనీ గుంజుకుంటే అక్కడి చట్టం ప్రకారమే తప్పు.

ఎండ సంగతి వేరే చెప్పాల్నా? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండల పని బంద్. మరి ఆ గంటలు ఎట్ల పూడ్చుకుంటరు? తెల్లారకముందే పని షురూ చేస్తరు, క్యాంపు బస్సు అంతకంటె ముందే కదుల్తది. నిద్ర చాలదు. పైన స్లాబు మీద ఇనుప సలాకలు చేతికి చురుక్కుమంటుంటయ్, బాత్‌రూం దూరమని నీళ్లు తాగుడు తగ్గిస్తరు. పిక్కలు పట్టేసినా, మూత్రం ముదురు పసుపు తిరిగినా వెంటనే నీడకు దిగమను. ఫోర్‌మన్ ఏమన్నా అననీ. కిడ్నీలు పోతే కొత్తవి ఆయన ఇయ్యడు.

డబ్బు మాత్రం ఇంక కట్టకు. ముందు ఆ లెటర్ ఫోటో వాట్సాప్‌ల పంపు, బేసిక్ రాసిన లైను సాఫ్‌గ కనబడేటట్టు.

నీ
రమేశ్