పండు మళ్ళీ తింటున్నాడు, మీ అందరికీ థ్యాంక్స్

మా పిల్లి పండుగాడి గురించి అడుగుతూ వచ్చినవాళ్ళందరికీ ముందు అసలు సంగతి: నిన్న కాటా మీద 3 కిలోల 700 గ్రాములు తూగాడు. జబ్బుకు ముందు నాలుగు కిలోల పైమాటే. క్యాట్ ఫ్లూ తగ్గేసరికి మూడు కిలోల లోపుకొచ్చేశాడు. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగిలేవి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక ఇలా రాస్తున్నాను.

మొదటి దండం డాక్టరమ్మకి. జ్వరం తగ్గింది, ముక్కు కారడం ఆగింది, ఇక గండం గడిచినట్టే అని మేమనుకుంటుంటే, "అసలు పని ఇప్పుడుంది" అన్నారావిడ. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి లివర్‌లో పేరుకుంటుందట. బొద్దుగా ఉండే పిల్లులకి ఆ ముప్పు ఇంకా ఎక్కువట. ఒక పూట మానేస్తే ఏమైందిలే, ఆకలేస్తే అదే తింటుంది అని ఊరుకోవడానికి లేదన్నమాట. పైగా పిల్లికి తీపి రుచే తెలియదు. దాని ఆకలంతా వాసనతోనే. ముక్కు దిబ్బడేసి, నాలుక మీద పుళ్ళున్నవాడు గిన్నె చూసి మొహం తిప్పుకుంటే అది పొగరు కాదని ఆవిడ చెప్పాకే మా ఇంట్లో వాడికి తిట్లు తప్పాయి. వికారం తగ్గడానికి ఒకటి, ఆకలి పుట్టడానికి ఒకటి మందులిచ్చారు. వాటిని వాడికిష్టమైన తిండిలో మాత్రం కలపొద్దన్నారు. ఒక్కసారి చేదు తగిలితే ఆ తిండి వంకే చూడరట ఈ దొరలు.

ఇక జాలారిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే అత్త. "ఏటమ్మా, అలా సిక్కిపోనాడేటి?" అని గంప దించింది మొదలు, రోజూ నాలుగు కవళ్ళు, అదే చిన్న చేపలు, పక్కన పెట్టి ఇచ్చేది. డబ్బిస్తే కోప్పడేది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, ఆ నీళ్ళతో సహా గోరువెచ్చగా పెట్టేదాన్ని. వాడు ముందు నీళ్ళు నాకేవాడు. ముక్కల్ని మూతితో పక్కకు నెట్టి, అటు తిరిగి కూర్చునేవాడు. మనం వంటింట్లోంచి కదిలాక వచ్చి ఒక్కో ముక్కా నమిలేవాడు. చూస్తుంటే మాత్రం తినడు, అదో మర్యాద!

పై వాటాలో మామ్మగారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గుడ్డు కూడా గడప దాటనివ్వని మనిషి. "ఆ లోతు గిన్నెలో మీసాలు తగిలి చికాకు పడుతున్నాడేమో, చూడవే" అని తన స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చిచ్చారు. అందులో పెడితే నిజంగానే తిన్నాడు. "ఆ పళ్ళెం ఇక నాకొద్దులే" అన్నారు నవ్వుతూ.

కిరాణా కొట్టు అన్నకి ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ప్రతి ఆదివారం బేరాలు తగ్గాక పండుని ప్లాస్టిక్ బుట్టలో కూర్చోబెట్టి కాటా మీద పెట్టనిచ్చాడు. బుట్ట బరువు తీసేసి, అప్పుల పుస్తకంలో పండు పేరున ఒక పేజీ తెరిచి రాసుకున్నాడు. కొన్ని వారాలు యాభై గ్రాములే పెరిగేవాడు, ఒక వారం అసలు పెరగలేదు. నాకు టెన్షన్, ఆయనకి నవ్వు. "బాకీ నెమ్మదిగానే తీరుద్ది చెల్లెమ్మా" అనేవాడు. డాక్టరమ్మా అదే చెప్పారు, నెమ్మదిగా పెరగడమే మంచిదని.

పాలు పట్టుకొచ్చిన కింది వాటా పిల్లలకి కూడా థ్యాంక్స్. పెద్ద పిల్లులకి పాలు సాధారణంగా పడవు, విరేచనాలవుతాయి. మీ పాలు కాఫీ పెట్టుకుని నేనే తాగేశానర్రా, చెప్పకపోతే బాగోదు.

ఇప్పుడు కవళ్ళు బాగా తగ్గించి క్యాట్ ఫుడ్ వైపు మళ్ళిస్తున్నాం. ఉడికించిన చేపే రోజూ పెడితే టారిన్ అనే పోషకం చాలక గుండెకీ కళ్ళకీ ఇబ్బందని డాక్టరమ్మ హెచ్చరించారు.

నీరసించిన పిల్లులకి పెట్టే రికవరీ టిన్నులు రెండు మా ఇంట్లో విప్పకుండా ఉన్నాయి, డేటు ఇంకా ఉంది. ఒంట్లో బలం వచ్చిందిగా, పండుగారికి అవిప్పుడు నచ్చడం లేదు. మన వీధిలో ఎవరి పిల్లయినా జబ్బుపడి తినకపోతే, ముందు డాక్టరుకి చూపించి, పెట్టొచ్చంటే వచ్చి పట్టుకెళ్ళండి. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.