నూనె గింజల వేడికి కొలత ఉండాలి

సంపాదకులకు,

నగరంలో గానుగ నూనె దుకాణాలు పెరిగాక, కొనేవారు మొదట అడిగేది ‘గింజలు వేడి చేశారా?’ అనే. అవునంటే కల్తీ సరుకును చూసినట్టు చూస్తున్నారు. ఎక్స్‌పెల్లర్‌లో (స్క్రూ తిప్పి నూనె పిండే ప్రెస్సులో) పోసే ముందు గింజను వేడి చేయడం ఎప్పటినుంచో ఉన్న సరైన పద్ధతే. చాలా చిన్న మిల్లుల్లో అది థర్మామీటరు లేకుండా, చేతి అంచనాతో సాగుతోంది. మా బాధంతా దాని గురించే.

గింజలో నూనె సన్నటి బొట్లుగా, మాంసకృత్తుల పొర చుట్టుకుని ఉంటుంది. తేమతో కూడిన వేడి తగిలితే ఆ మాంసకృత్తులు గడ్డకడతాయి, కణాల గోడలు చిట్లుతాయి, బొట్లు కలిసిపోయి నూనె పలచబడుతుంది. నూనెను కనరెక్కించే లైపేజ్ ఎంజైము పని కూడా ఆగుతుంది. పత్తి గింజలోనైతే గాసిపాల్ అనే విష పదార్థం మాంసకృత్తులకు అతుక్కుని, చెక్కలో (నూనె పిండాక మిగిలే పిప్పిలో) విడిగా ఉండే విషం తగ్గుతుంది.

పల్లీలనే తీసుకుందాం. మట్టి, రాళ్లు, బూజు గింజలు ఏరేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఈ వేడికి పోదు కనుక ఏరడంలో రాజీ కుదరదు. పలుకులుగా విరిచి, ఆవిరి జాకెట్ ఉన్న కెటిల్‌లో (చుట్టూ ఆవిరితో వేడెక్కే పాత్రలో) 85–95 డిగ్రీల దగ్గర 15–20 నిమిషాలు కలియబెట్టాలి. మొదట్లో తేమ 9 శాతం ఉన్నా, ప్రెస్సులోకి దిగేసరికి 5–6 శాతానికి రావాలి. అంటే 100 కిలోల్లోంచి దాదాపు 3.7 కిలోల నీరు బయటికి పోవాలి. కెటిల్ పైన ఆవిరి బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటే అది పోదు.

తేడా చెక్కలోనే కనిపిస్తుంది. తేమ ఎక్కువైతే చెక్క మెత్తగా వంగుతుంది, సరుకు స్క్రూతోపాటే తిరుగుతుంది, స్క్రూ చుట్టూ ఉండే ఇనుప బార్ల సందుల్లోంచి నూనెతో మడ్డి కారుతుంది. అప్పుడు కోన్ (చెక్క బయటికి వచ్చే దారిని ఇరుకుచేసే భాగం) బిగిస్తే మోటారు మీద భారం పడుతుందే తప్ప నూనె పెరగదు. మరీ ఎండితే చెక్క పొడిగా రాలి పొగ వస్తుంది, షాఫ్ట్ బిగుసుకుంటుంది. ఆ సమయంలో నీళ్లు చిలకరించినా గింజ పైనే తడుస్తుంది, లోపల ఎండుగానే ఉంటుంది. తేమ కుదిరితే చెక్క పలకలుగా వస్తుంది: ఒక వైపు నున్నగా, మరో వైపు గరుకుగా. విరిస్తే టక్కున విరుగుతుంది.

120 డిగ్రీలు దాటిస్తే నూనె రంగు ముదురుతుంది, ఫాస్ఫటైడ్లు అనే జిగురు పదార్థాలు ఎక్కువగా దిగి బాణలిలో నురగ కడుతుంది, చెక్కలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తగ్గి పశువుల దాణాగా విలువ పడిపోతుంది.

సీసా మీద రాసేది కూడా నిజమే ఉండాలి. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం వేడి వాడకుండా, యంత్రంతో మాత్రమే తీసినదే ‘కోల్డ్ ప్రెస్డ్’. వేడి చేసిన గింజల నూనెకు ఆ పేరు పెట్టడం తప్పు, ‘వేడి చేసి తీసిన నూనె’ అని రాసి అమ్మాలి. గింజను వేడి చేయకపోయినా ఎక్స్‌పెల్లర్ రాపిడికి నూనె వేడిగానే వస్తుందని కొనేవారూ గమనించాలి.

చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షల సబ్సిడీతో ప్రెస్సులు కొనవచ్చు. ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసేవారు వాటిలో కెటిల్, థర్మామీటరు, తేమ మీటరు కూడా చేర్చాలి. మీటరు వచ్చేదాకా, 10 గ్రాముల పొడిని 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడయ్యేదాకా ఉంచి తూచవచ్చు: అర గ్రాము తగ్గితే తేమ 5 శాతం.

— నూనె మిల్లుల సాంకేతిక సిబ్బంది, కాటేదాన్, హైదరాబాద్