పాత ఇంటిని బాగుచేసుకునేవారికీ దారి చూపండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కోనసీమలో ఎండలు ముదిరేసరికి, ఫలానా ఊళ్లో ఫలానా వారి మండువా లోగిలి (నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారాలు ఉన్న పాతకాలపు పెంకుటిల్లు) విప్పేస్తున్నారన్న మాట ఏటా వినిపిస్తూనే ఉంటుంది. మొన్నటి వేసవిలో మా ఊళ్లోనూ ఒకటి పోయింది. టేకు స్తంభాలు, చెక్కడపు పని ఉన్న ద్వారబంధాలు, దూలాలు లారీకెక్కాయి. పెంకులు పశువుల పాకలకు చేరాయి. అమ్ముకున్నవారిని నేను తప్పుపట్టను. వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. తాళం వేసిన ఇంటి మీద కోతులు గంతులేసి ఒక్క పెంకు జారినా సరిచేసే మనిషి ఉండడు. ఆ సందులోంచి కారే నీటికి మొదట వాసం పుచ్చుతుంది, తర్వాత దూలం. చివరికి కర్ర అమ్మితే వచ్చే డబ్బే ఆ ఇంటి విలువగా మిగులుతుంది.

నా బాధ వేరు. పాత ఇంట్లోనే ఉంటూ, దాన్ని నిలబెట్టుకోవాలని పూనుకున్న కుటుంబానికి సైతం మన బ్యాంకులు, పన్ను చట్టం, ఆఖరికి వీధిలో వేసే రోడ్డు కూడా కూల్చెయ్యమనే చెబుతున్నాయి.

మాదీ అలాంటి మండువా ఇల్లే. మామగారు పోయాక అత్తగారు ఒక్కరే అంత ఇంట్లో ఉండేవారు. నేనూ, మావారూ పిల్లలతో సహా పట్నం వదిలి ఆవిడ దగ్గరికే వచ్చేశాం. ఇంటిని, దాని వెనక ఉన్న ఎకరంన్నర కొబ్బరి తోటను కొద్దికొద్దిగా బాగుచేసుకుంటున్నాం. ఇల్లు ఖాళీ చేసి, అద్దె ఇంట్లో ఉండి పని చేయించుకునే స్తోమత లేదు. అందుకని ఒక వసారా పెంకు దింపితే ఎదుటి వసారాలోకి సామాను మోసుకుని మారుతున్నాం. ధాన్యం కొట్టులో పిల్లల చదువు, పెరట్లో పాక వేసుకుని వంట. పిల్లలు విసుక్కుంటారేమో అనుకున్నాం కానీ, దించిన పెంకులను తట్టి చూసి, కంగుమన్నవి ఒకవైపు, పగులు మోత వచ్చినవి ఇంకోవైపు పేర్చే పని వాళ్లే చేపట్టారు.

తోట పని ఇంత కష్టం కాలేదు. కొబ్బరికి రుగోస్ తెల్లదోమ పట్టి, అది వదిలే జిగురు మీద మసి తెగులు వచ్చి ఆకులన్నీ నల్లబడ్డాయి. చెట్ల కిందికి వచ్చే పెంకులు కూడా నల్లబడ్డాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి వెళితే మందులు కొట్టవద్దని చెప్పి, దోమను అదుపుచేసే ఎన్‌కార్సియా మిత్ర పురుగుల గురించి, ఐసేరియా శిలీంధ్రం గురించి ఓపిగ్గా వివరించారు. కొబ్బరి నీడలో కోకో, కంద వేసుకున్నాం. తోటకు జబ్బు చేస్తే అడగడానికి అంబాజీపేట ఉంది. ఇంటికి జబ్బు చేస్తే ఎవరిని అడగాలో జిల్లాలో ఎవరూ చెప్పలేకపోయారు.

మా ఇంటి జబ్బు చెమ్మ. ఇటుకలను సున్నంతో పేర్చి, సున్నంతోనే పూత పూసిన గోడలవి. నేల నుంచి పైకి ఎక్కే తేమను ఇటుక పీల్చుకున్నా, సున్నపు పూత దాన్ని గాలికి ఆరనిచ్చేది. చాలా ఏళ్ల క్రితం, గట్టిగా ఉంటుందని ఎవరో చెబితే, నడుము ఎత్తు వరకు సిమెంటు పూత వేయించారట. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కుకున్న తడి గోడలో ఇంకా పైకి పాకి, సిమెంటు దాటిన చోట సున్నాన్ని ఊడగొట్టింది. ఆ తడికి దూలాల చివర్లు మెత్తబడ్డాయి, చెదలు పట్టింది. పిలిచిన ప్రతి మేస్త్రీ మళ్లీ సిమెంటే పూద్దామన్నాడు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకు నేర్పింది అదొక్కటే.

చివరికి పక్క ఊళ్లో సున్నం పని తెలిసిన ఒక ముసలి మేస్త్రి దొరికారు. గుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నం తెప్పించి పెరట్లో గుంట తవ్వించారు. నీళ్లు పడగానే సున్నం కుతకుత ఉడికి, తెల్లటి ఆవిరి కమ్మింది. కళ్లల్లో పడితే ప్రమాదమని పిల్లలను దూరంగా అరుగు మీద నిలబెట్టారు. ఆ సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో మగ్గనిచ్చారు. ఎడ్లతో తిప్పే పాత గానుగ రాయి ఊరి చివర సగం పూడిపోయి ఉంది. అది లేవదని తేలాక మోటారు గ్రైండరులో ఇసుక కలిపి నూరించి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి పూత వెంటనే ఎండిపోకూడదు. గోడ తడపడం అత్తగారు తన పనిగా తీసుకున్నారు. చెంబుతో నీళ్లు చల్లి, అరచేయి ఆనించి చూసి, "ఇంకా తాగుతోంది" అని మళ్లీ చల్లుతారు. ఈ వర్షాకాలంలో ఆ గోడ మీద చెమ్మ మరక పడలేదు.

ఆ మేస్త్రికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ హైదరాబాదు అపార్టుమెంట్లలో టైల్స్ పరుస్తున్నారు. సున్నం పని ఇద్దరికీ రాదు.

కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ పని, వడ్రంగం ఉన్నాయి. శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, తక్కువ వడ్డీకి అప్పు కూడా ఉన్నాయి. డబ్బు ఉంది, ఏర్పాటూ ఉంది. మన గోదావరి జిల్లాల్లో తాపీ పనివారికి ఇచ్చే శిక్షణలో సున్నం పనిని ఒక పాఠంగా చేర్చి, ఇలాంటి పెద్ద మేస్త్రీలతో గౌరవ వేతనమిచ్చి చెప్పించమని అడుగుతున్నాను. వాళ్లు ఉండగానే జరగాల్సిన పని ఇది.

ఇక రోడ్డు సంగతి. మా వీధి అరుగుకు ఒకప్పుడు ఐదు మెట్లు ఉండేవి. ఇప్పుడు పైకి కనిపించేవి రెండే. రోడ్డు పాడైన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పొర పోస్తున్నారు. మండువాలో పడిన వాన నీరు నట్టింటి కింద ఉన్న తూములోంచి వీధి కాలువలోకి పోవాలి. నాలుగు వైపుల చూరు నీళ్లు ఒక్కచోట చేరే ఇంటికి ఆ తూమే ఆధారం. ఇప్పుడు వీధి తూము కన్నా ఎత్తయింది. గట్టి వాన కురిస్తే మా నీళ్లు బయటికి పోకపోగా, మురుగు కాలువే మా మండువాలోకి ఎదురొస్తోంది. 1986 గోదావరి వరదల్లో చుట్టుపక్కల వాళ్లు సామాన్లు తెచ్చి పెట్టుకున్నది మా అరుగు మీదేనని అత్తగారు చెబుతారు. వరద నీరు ఎక్కని ఇంట్లోకి మామూలు వాన నీరు రావడానికి కారణం రోడ్డే. ఇది మా ఒక్కరి ఇబ్బంది కాదు. పల్లం పడిపోయిన చిన్న చిన్న పెంకుటిళ్లన్నిటిదీ ఇదే గతి. రోడ్డు మట్టం పెంచకుండా, పాత పొర తీసి వేయాలన్న నిబంధనను అంచనాలు తయారుచేసేటప్పుడే రాయాలి. దీనికి చట్టం అక్కర్లేదు, ఇంజినీరు సంతకం చాలు.

అప్పు కోసం వెళ్లినప్పుడు ఒక బ్యాంకు అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఇల్లు పడగొట్టి కొత్త ప్లాను తెస్తే చూద్దామన్నారు. విలువ కట్టడానికి వచ్చిన ఇంజినీరు స్థలానికి ధర వేసి, కట్టడానికి ఏమీ వేయలేదు. పైగా మాది గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత నివాస స్థలం. తరతరాలుగా ఉంటున్నా చేతిలో ఉన్నవి పంచాయతీ పన్ను రసీదులే తప్ప, స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లు లేవు. పల్లెల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడానికి, వాటితో బ్యాంకు అప్పులు పుట్టేలా చేయడానికి స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. మా వీధికి ఆ కార్డులు ఇంకా అందలేదు.

పన్ను చట్టం చూడండి. సొంతంగా ఉండే ఇల్లు కొనడానికో కట్టుకోవడానికో అప్పు చేస్తే, పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా వడ్డీకి మినహాయింపు ఉంది. ఉన్న ఇంటినే మరమ్మతు చేసుకోవడానికి అప్పు చేస్తే 30,000 రూపాయలకే. పేదలకైనా ఇదే వరస. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇచ్చే 1,20,000 రూపాయలు కొత్త ఇల్లు కట్టుకోవడానికే.

పాత ఇళ్ల మీద మోజు డబ్బున్నవారికే అని కొందరంటారు. దానికి నేను ఒప్పుకోను. మండువా లోగిళ్లు ఊరికి నాలుగైదు ఉంటే, రెండు గదుల పెంకుటిళ్లు వీధుల నిండా ఉన్నాయి. పది వాసాలు మార్చి, పెంకు తిరగేస్తే మరో తరానికి పనికొచ్చే ఇంటిని, సాయం అందక వదిలేసి, అప్పుచేసి స్లాబు వేసుకుని, వేసవిలో ఆ వేడికి నిద్ర పట్టక ఆరుబయట పడుకునే కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి.

మా ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించమని అడగడం లేదు. 1960 నాటి మన పురావస్తు చట్టం గుళ్లకు, కోటలకు సరిపోతుంది. మనుషులు కాపురం చేసే ఇంట్లో పెంకు మార్చడానికి కూడా అనుమతి తెచ్చుకోవాల్సి వస్తే ఆ ఇల్లు ఇంకా త్వరగా పోతుంది. పుదుచ్చేరిలో ఇంకో పద్ధతి చూపించారు. కల్వె సుబ్బరాయ చెట్టియార్ వీధిలో పాత ఇళ్ల ముఖభాగాలను, వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ యజమానులతో ఖర్చు పంచుకుని బాగుచేయించింది. ఆ వీధికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. యానాం ఆ పుదుచ్చేరిలో భాగమే. గౌతమి మీద వంతెన దాటితే మా కోనసీమే. ఖర్చులో కొంత వాటా, సరైన సలహా ఇచ్చే ఒక ఇంజినీరు, మరమ్మతుకూ అప్పిచ్చే బ్యాంకు ఉంటే చాలు, మిగతా కష్టం పడటానికి మాలాంటి కుటుంబాలు సిద్ధంగానే ఉన్నాయి.

వర్షాలు తగ్గాక మా పడమటి వసారా పని మొదలవుతుంది. సున్నం పని నేర్చుకోవాలనుకునే తాపీ పనివారు ఎవరైనా ఉంటే మా పంచాయతీలో పేరు ఇవ్వవచ్చు. కూలి ఇచ్చి పెద్ద మేస్త్రి చేతికింద పెట్టుకుంటాం. మా వీధికి మళ్లీ సిమెంటు రోడ్డు మంజూరైందని విన్నాను. పని మొదలయ్యే ముందు ఒక్కసారి వచ్చి, మా తూము మట్టం, ఇరుగుపొరుగు గడపల మట్టం కొలిచి, పాత రోడ్డు తవ్వించాకే కొత్తది వేయించవలసిందిగా పంచాయతీరాజ్ ఇంజినీర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా